ఎంత దూరంలో ఆగాలి

2025 జూలై మొదటి వారంలో జాంబియాలోని సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కులో, గైడు వెంట నడుస్తున్న ఇద్దరు మహిళల మీదికి ఓ ఆడ ఏనుగు వెనక నుంచి వచ్చి పడింది. ఇద్దరూ చనిపోయారు. ఒకరిది బ్రిటన్, మరొకరిది న్యూజిలాండ్. ఇద్దరూ అరవై దాటినవాళ్లు. ఏనుగు వెంట పిల్ల ఉంది. గైడ్లు తుపాకీ పేల్చినా అది ఆగలేదని అక్కడి పోలీసులు చెప్పారు.

ఇలాంటి వార్త చదివితే ఎవరికైనా మొదట తట్టే మాట ఒకటే. బండిలో కూర్చుని చూడొచ్చు కదా, దిగి నడవడం దేనికి? న్యాయమైన ప్రశ్నే. ఏనుగులూ సింహాలూ అడవిదున్నలూ స్వేచ్ఛగా తిరిగే చోట మనుషుల్ని కాలినడకన తీసుకెళ్లడాన్ని ఓ వ్యాపారంగా నడపొచ్చా? నడిపితే ఏ షరతుల మీద? దీని మీద ఆఫ్రికాకు అరవై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. జాంబియా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా, టాంజానియా, కెన్యా ఒక్కోటీ ఒక్కో పద్ధతి పెట్టుకున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఇది: నడక సఫారీ బాగోగుల్ని కొలవాల్సింది జంతువుకు ఎంత దూరంలో ఆగారన్న లెక్కతో. ఆ దూరం నిర్ణయించే మనిషి ఎవరు, అతనికి విద్య ఎవరు నేర్పారు, అతను ఏ ఊరివాడు, ఆ ఊరికి ఈ అడవి వల్ల ఏం దక్కుతోంది అన్నవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

బండి ఎక్కితే ప్రమాదం పోతుందనుకోవడం కూడా సరికాదు. 2024లో అదే జాంబియాలో, కఫూయే పార్కులో ఓ మగ ఏనుగు సఫారీ బండినే తిరగదోసింది. దాదాపు ఎనభై ఏళ్ల అమెరికన్ మహిళ ప్రాణం పోయింది. అయితే బండికీ నడకకూ అసలు తేడా వేరే ఉంది. రోజూ బండ్లను చూసే జంతువు బండిని ఒకే ముద్దగా చూస్తుంది, అందులోని మనుషుల్ని విడివిడిగా లెక్కపెట్టదు. అదే మనిషి కిందికి దిగి రెండు కాళ్ల మీద నిలబడగానే జింక చెవులు నిక్కపొడుస్తుంది, సింహం లేచి నిలబడుతుంది. వేల ఏళ్లుగా తమను వేటాడిన ఆకారం అది. నడిచేవాడు అడవిలో చూసేవాడే కాదు, చూడబడేవాడు కూడా.

నడక సఫారీకి పుట్టినిల్లుగా చెప్పుకునే లువాంగ్వా లోయ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. జాంబెజీలో కలిసే పెద్ద నది లువాంగ్వా. ఏటా వరదకు ఒడ్లు కోసుకుంటూ దారి మార్చుకుంటుంది. వదిలేసిన పాయలు మడుగులుగా మిగిలిపోతాయి. 9,050 చదరపు కిలోమీటర్ల సౌత్ లువాంగ్వా పార్కు ఆ నదిని అంటిపెట్టుకుని ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. ఆ రోజుల్లో నల్లరేగడి బురదలో బండ్లు కూరుకుపోతాయి, గడ్డి ఏనుగును దాచేంత ఎత్తు పెరుగుతుంది. జూన్ వచ్చేసరికి గడ్డి ఎండి పడిపోతుంది, లోపలి కుంటలు ఇంకిపోతాయి, జంతువులన్నీ నది ఒడ్డుకు చేరతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా నడక కాలం. వెదురు, గడ్డి, వాసాలతో అప్పటికప్పుడు కట్టిన చిన్న క్యాంపులు చాలావరకు ఆ కొద్ది నెలలకే. వానల ముందు విప్పేస్తారు. అక్టోబరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అందుకే నడక తెల్లవారుజామునే మొదలై, ఎండ ముదిరేలోగా ముగుస్తుంది.

అందరూ ఒకే వరుసలో నడుస్తారు. ముందు రైఫిలు పట్టుకున్న స్కౌటు ఉంటాడు. అతను ప్రభుత్వ వన్యప్రాణి శాఖ మనిషి. అతని వెనక గైడు, మామూలుగా అతని చేతిలో తుపాకీ ఉండదు. ఆ వెనక అతిథులు, ఆరేడుగురికి మించరు. చివర టీ సరంజామా మోసే మనిషి. ఎవరూ వెనకబడకుండా, వరుస తెగిపోకుండా చూసేది అతనే. పన్నెండేళ్ల లోపు పిల్లలను రానివ్వరు. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది తుపాకీని, నిర్ణయాన్ని ఇద్దరి మధ్య పంచడం. ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో గైడు చెబుతాడు. తుపాకీ పట్టినవాడి కళ్లు మాత్రం పొదల మీదే ఉంటాయి, అతిథులకు కబుర్లు చెప్పే పని అతనికి లేదు. దక్షిణాఫ్రికాలో పద్ధతి వేరు. అక్కడి క్రూగర్ పార్కులో 1978లో మొదలైన వోల్‌హుటర్ ట్రెయిల్ నుంచి ఇప్పటిదాకా ఎనిమిది మంది అతిథులకు ఇద్దరు గైడ్లు, ఇద్దరి చేతుల్లోనూ రైఫిళ్లు.

గైడు జేబులో ఓ చిన్న గుడ్డసంచి ఉంటుంది. అందులో మెత్తని బూడిద. కాసేపటికోసారి దాన్ని తీసి విదిలిస్తాడు. బూడిద ఎటు తేలిపోతే గాలి అటు వీస్తున్నట్టు. ఏనుగుకు చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు. గాలి మన వీపు మీద నుంచి దాని వైపు వీస్తే, మనం దాన్ని చూడకముందే దానికి మన సంగతి తెలిసిపోతుంది. అందుకే మంచి గైడు జంతువు కనిపించిన దిక్కు కంటే ముందు గాలి దిక్కు చూసుకుంటాడు, రెండు వందల గజాలు చుట్టు తిరిగైనా గాలికి ఎదురుగా చేరుకుంటాడు. గాలి సుళ్లు తిరుగుతుంటే అసలు వెళ్లడు. అతిథుల బట్టలు మట్టిరంగులో ఉండాలంటారు. జంతువుల కోసం కొంత, ఎక్కువగా సెట్సీ ఈగల కోసం. నీలం, నలుపు రంగులంటే వాటికి ప్రాణం. సూదిలా కుడతాయి, నిద్రజబ్బును మోసుకొస్తాయి. పశువుల్ని బతకనివ్వకుండా ఈ లోయను సాగుకూ మందలకూ చిక్కకుండా ఇన్నాళ్లు కాపాడింది కూడా ఈ ఈగలే.

ఏ జంతువుకు ఆ జంతువు మర్యాద ఉంది. చెవులు బాగా విప్పి, తల ఎత్తి, ఘీంకరిస్తూ దుమ్ము లేపే ఏనుగు చాలాసార్లు బెదిరిస్తుందంతే. నిలబడితే ఆగుతుంది, వెనక్కి వెళ్లనిస్తుంది. చెవులు వెనక్కి మడిచి, తొండం లోపలికి ముడుచుకుని, చప్పుడు లేకుండా వచ్చేదాన్ని చూసి భయపడాలి. అయితే ఈ గుర్తులు ఎప్పుడూ తప్పవని నమ్మి ప్రాణం పణంగా పెట్టకూడదని పాత గైడ్లందరూ చెబుతారు. పిల్లతల్లి దగ్గర ఏ సూత్రమూ పనిచేయదు. నీటిగుర్రానికీ నీటికీ మధ్య నిలబడకూడదు. రాత్రంతా ఒడ్డున మేసి తెల్లారి మడుగుకు మళ్లే ఆ బరువైన జంతువు దారిలో ఏదున్నా తొక్కేసుకుంటూ పోతుంది. మంద వదిలి ఒంటరిగా పొదల్లో, బురదగుంటల్లో పడుకునే ముసలి మగ అడవిదున్నలంటే స్కౌట్లకు సింహం కంటే ఎక్కువ భయం. సింహం ఎదురైతే మాత్రం ఒకటే సూత్రం: పరుగెత్తొద్దు. పరుగెత్తేదాన్ని తరమడం దాని రక్తంలో ఉంది.

ఈ జాగ్రత్తలకు ఇప్పుడు శాస్త్రం కూడా సాక్ష్యం చెబుతోంది. 2023లో వెలువడిన ఓ అధ్యయనం కోసం క్రూగర్ ప్రాంతంలో నీటికుంటల దగ్గర స్పీకర్లు పెట్టి రకరకాల శబ్దాలు వినిపించారు. సింహం గుర్రుమన్నప్పటి కంటే, మనుషులు మామూలుగా మాట్లాడుకుంటున్న మాటలు విన్నప్పుడు జంతువులు పారిపోయే అవకాశం రెండింతలైంది. నీటికుంటను ఇంకా త్వరగా వదిలి వెళ్లిపోయాయి. ఖడ్గమృగం, ఏనుగు, జిరాఫీ ఏదీ మినహాయింపు కాదు. అంతకుముందు 2014లో కెన్యాలోని అంబోసెలిలో జరిగిన పరిశోధన ఇంకా విచిత్రం. ‘అదిగో, ఏనుగుల గుంపు వస్తోంది’ అన్న మాటనే మసాయి మగవాళ్ల గొంతుతోనూ, కంబా మగవాళ్ల గొంతుతోనూ వినిపిస్తే, బల్లేలతో తమతో తలపడే మసాయిల గొంతు విన్నప్పుడే ఏనుగులు ఎక్కువగా బెదిరి దగ్గరికి ముడుచుకున్నాయి. ఆడవాళ్ల, పిల్లల గొంతులకు అంత కంగారు పడలేదు. ఏ మనిషి వల్ల ముప్పుందో అవి భాషను బట్టి, గొంతును బట్టి లెక్క వేసుకుంటున్నాయన్నమాట. కాబట్టి నడకలో గుసగుసలాడమనడం అతిథి అనుభవం కోసం పెట్టిన నాటకం కాదు. ఎండాకాలంలో ఒకే మడుగును నమ్ముకున్న జంతువును, దాహం తీరకముందే మన మాటలతో తరిమేయకుండా ఉండటానికి.

ఇక చరిత్ర. మొదటి రోజుల్లో ఆఫ్రికాలో తెల్లవాళ్ల సఫారీ అంటే కాలినడకే, కాని వేటకు. 1909లో అధ్యక్ష పదవి దిగిన వెంటనే తూర్పు ఆఫ్రికా వెళ్లిన థియోడర్ రూజ్‌వెల్ట్ యాత్రలో వందల మంది కూలీలు సామాను మోశారు. ఆయనా, కొడుకు కెర్మిటూ కలిసి కాల్చిన జంతువులు అయిదు వందల పైచిలుకు. మోసిన కూలీల్లో ఎవరి పేరూ జనానికి తెలియదు. ఆ తర్వాత బండ్లొచ్చాక కూలీల వరుసలు పోయాయి, నడక కూడా పోయింది.

దాన్ని తిరిగి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు నార్మన్ కార్. అప్పట్లో ఉత్తర రొడీషియాగా ఉన్న జాంబియాలో, పంటల మీద పడే ఏనుగులను కాల్చే ఉద్యోగంతో మొదలైన మనిషి. 1950లో ఆయన కుండా జాతి నాయకుడు చీఫ్ న్సెఫుతో మాట్లాడి, ఆయన ప్రజల భూమిలోనే ఓ భాగాన్ని జంతువులకు కేటాయింపజేశాడు. అక్కడ సందర్శకులకు ఓ క్యాంపు కట్టాడు. వచ్చిన ఆదాయం ఆ ప్రజలకే. వేటకు కాకుండా చూడటానికి డబ్బు చెల్లించడం, ఆ డబ్బు స్థానికులకు చేరడం అన్నవి ఆ కాలానికి కొత్త. 1960లలో ఆయనే లువాంగ్వాలో నడక సఫారీలు మొదలుపెట్టాడు. 1997లో చనిపోయాడు.

దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలోని ఉమ్‌ఫొలోజీలో ఇంకో ప్రయోగం జరిగింది. 1959లో అక్కడ రోడ్లు వేయకుండా, కట్టడాలు కట్టకుండా కొంత అడవిని విడిగా ఉంచి, ఇయాన్ ప్లేయర్ మనుషుల్ని నడిపించడం మొదలుపెట్టాడు. ప్లేయర్ పేరు అందరికీ తెలుసు, తెల్ల ఖడ్గమృగాలను అంతరించకుండా కాపాడిన ఉద్యమంలో ముందున్నవాడు. అయితే ఆయనకు ఆ అడవిని చదవడం నేర్పింది మగ్కుబు న్టొంబెలా అనే జులూ రేంజరు. బడి చదువు లేని మనిషి. ప్లేయర్ ఆయనను తన గురువుగా చెప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరి పేరు ముందు రాయాలని నన్నడిగితే న్టొంబెలాదే రాస్తాను. ఆ ఉమ్‌ఫొలోజీ నడకల్లో కొన్నిటిలో ఇప్పటికీ ఓ ఆచారం ఉంది. గుడారాలు లేకుండా ఆరుబయట నేల మీదే పడుకుంటారు. రాత్రంతా నెగడు ఆరిపోకుండా ఒక్కొక్కరూ వంతుల వారీగా ఒంటరిగా మేలుకుని కాపలా కాయాలి. డబ్బు కట్టి వచ్చిన అతిథికీ ఆ వంతు తప్పదు. ఎవరు ముందు మొదలుపెట్టారు, లువాంగ్వానా ఉమ్‌ఫొలోజీనా అన్న వాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంది. నాకు దాని మీద ఆసక్తి లేదు. రెండు చోట్లా ఓ ఆఫ్రికన్ పెద్ద అనుమతి, ఓ ఆఫ్రికన్ పెద్ద విద్య పునాదిగా ఉన్నాయన్నదే గుర్తుంచుకోవాలి.

నడక దేనికి అన్న ప్రశ్నకు అసలు జవాబు పెద్ద జంతువుల్లో లేదు. సింహాన్ని దగ్గరగా చూడాలంటే బండే మేలు. నడిచేవాడికి దొరికేది నేల. ఏనుగు ముందు పాదం గుండ్రంగా, వెనక పాదం కోలగా పడుతుంది. ముందు పాదం జాడ చుట్టుకొలతను రెట్టింపు చేస్తే దాని భుజం ఎత్తు ఇంచుమించుగా తెలుస్తుంది. దుమ్ములగొండి జాడలో గోళ్ల గుర్తులుంటాయి, సింహం జాడలో ఉండవు. జాడ అంచు ఇంకా పదునుగా ఉందా, రాత్రి పురుగులు దాని మీదుగా పాకాయా, మంచు బొట్లు దాని లోపల పడ్డాయా అన్నది చూసి ఎప్పుడు వెళ్లిందో చెబుతారు. జాడ చదివే ఈ విద్యకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని 1990లలో లూయీ లీబెన్‌బర్గ్ అనే దక్షిణాఫ్రికా పరిశోధకుడు రూపొందించాడు. కలహారిలోని సాన్ వేటగాళ్ల దగ్గర ఆయన ఆ విద్య నేర్చుకున్నాడు. చదవడం రాయడం రాని నిపుణుల నైపుణ్యానికీ ఓ గుర్తింపు, దాన్ని బట్టి ఓ జీతం ఉండాలన్నది ఆయన వాదం. నా ఉద్దేశంలో అడవి పర్యాటకానికి జరిగిన మేళ్లలో ఇది పెద్దది.

చెదపుట్టలు చూడండి. మోపానె చెట్ల మధ్య మనిషి కంటే ఎత్తుగా లేచి ఉంటాయి. చెదలు లోతు నుంచి పైకి తెచ్చిన మట్టిలో ఖనిజాలు ఎక్కువ, అందుకే ఆ పుట్టల మీదే పెద్ద చెట్లు మొలుస్తాయి. చెదలు లోపల బూజును పెంచుకుంటాయి, వానలు పడ్డాక అదే పుట్టగొడుగై పైకి వస్తుంది. జాంబియాలో దొరికే ఓ రకం గొడుగు మీటరు వెడల్పు దాకా విచ్చుకుంటుంది. తినే పుట్టగొడుగుల్లో ప్రపంచంలో అంత పెద్దది లేదు. తొలకరి ఉరుములకు మన పల్లెల్లో చెదపుట్టల దగ్గర ఏరుకొచ్చి కూర వండుకునే పుట్టగొడుగులదీ అదే జాతి. బండిలో వెళ్లేవాడికి ఇదంతా ఓ మట్టిదిబ్బ.

తేనె దారి చూపే హనీగైడ్ పిట్ట కథ ఇంకా గొప్పది. తేనెపట్టు ఎక్కడుందో దానికి తెలుసు, కాని పట్టు పగలగొట్టే బలం లేదు. మనిషికి నిప్పు, గొడ్డలి ఉన్నాయి. అది అరుస్తూ చెట్టు నుంచి చెట్టుకు ముందుకు సాగుతుంది, మనిషి వెంట వెళతాడు. తేనె మనిషికి, మైనం పిట్టకు. మొజాంబిక్‌లోని నియాసాలో యావో తేనెవేటగాళ్లు దాన్ని పిలవడానికి పెదవులు అదరగొట్టి, చివర ఓ హుంకారం చేస్తారు. 2016లో ప్రచురితమైన పరిశోధనలో తేలిందేమంటే, ఆ పిలుపు చేస్తే పిట్ట దారి చూపే అవకాశం 33 శాతం నుంచి 66 శాతానికి పెరుగుతుంది. చివరికి పట్టు దొరికే అవకాశం 16 నుంచి 54 శాతానికి చేరుతుంది. టాంజానియాలో హద్జా జనం అదే పిట్టను ఈలతో పిలుస్తారు, అక్కడి పిట్టలు ఆ ఈలకే ఎక్కువగా పలుకుతాయి. ఒక అడవి పక్షి, ఒక ఊరి మనుషులు ఒకరి మాట ఒకరు నేర్చుకున్నారు. ఇలాంటి సంగతి తెలిసిన గైడు దొరికితే, ఆ పూట ఒక్క సింహమూ కనిపించకపోయినా నడక దండగ కాదు.

మరి అలాంటి గైడును తయారుచేసేదెలా? ఈ విషయంలో అందరికంటే కఠినమైనది జింబాబ్వే. అక్కడ చట్టం, తుపాకులు, జంతువుల అలవాట్ల మీద రాతపరీక్షలతో మొదలవుతుంది. తర్వాత లైసెన్సున్న గురువు దగ్గర ఏళ్ల తరబడి శిష్యరికం. ఆఖర్న అడవిలో పాత గైడ్ల ముందు రోజుల తరబడి పరీక్ష. గురువు పర్యవేక్షణలో ప్రమాదకరమైన జంతువును కాల్చిన అనుభవం కూడా ఉండాలి. గైడుకూ వేటగాడికీ ఒకే తరహా పరీక్షేమిటన్న అభ్యంతరం ఉంది, నాకూ ఉంది. అయినా ఆ పరీక్ష నెగ్గినవాళ్లలో తుపాకీని ఎంత తక్కువగా వాడాల్సొచ్చిందో చెప్పుకునేవాళ్లే గౌరవం పొందుతారు. దక్షిణాఫ్రికాలో శిష్యుడు నడిచిన గంటలూ, ప్రమాదకర జంతువులను ఎదుర్కొన్న సందర్భాలూ పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటాడు; మీదికి దూసుకొచ్చే బొమ్మను గురిపెట్టి కాల్చే పరీక్ష ఉంటుంది. జాంబియాలో బండి గైడుకు ఒక లైసెన్సు, నడక గైడుకు వేరే లైసెన్సు.

నడకలో ఓ జంతువు తూటాకు చచ్చిపోతే, అతిథులు క్షేమంగా తిరిగొచ్చినా సరే, ఆ నడక ఓడిపోయినట్టే. దాని ఇంట్లోకి మనం సరదాకు వెళ్లాం. అది మన దగ్గరికి రాలేదు. అందుకే రైఫిలు ఎంత శక్తిమంతమైనదన్న కబుర్ల కంటే, ఆ గైడు ఎన్నిసార్లు వెనక్కి తిరిగాడన్నది నాకు ముఖ్యం.

ఈ కోణం నుంచి చూస్తే జింబాబ్వేలోనే ఉన్న మానా పూల్స్ నన్ను కలవరపెడుతుంది. జాంబెజీ ఒడ్డున 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన అందమైన అడవి. గైడు లేకుండా కూడా నడవడానికి అనుమతి ఇచ్చే అరుదైన చోటు. అక్కడ అకేసియాకు దగ్గరి ఓ రకం చెట్లు ఎండాకాలంలో ఆకులతో ఉంటాయి, వానల్లో రాలుస్తాయి. బాస్వెల్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన మగ ఏనుగు ఆ చెట్ల కాయల కోసం వెనక కాళ్ల మీద నిలబడే ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ ఫొటోల కోసం జనం నేల మీద బోర్లా పడుకుని ఏనుగు కాళ్లకు కొద్ది గజాల దగ్గరికి పాకుతున్నారు. ఆ ముసలి మగ ఏనుగుల ఓర్పు గొప్పదే. కాని ఒక ఏనుగు ఓర్పును కొలతగా పెట్టుకుని ఇంకో అడవిలో, పిల్లతో ఉన్న ఆడ ఏనుగు దగ్గర అంతే దూరాన నిలబడితే ఏమవుతుంది? ఫొటో చూసినవాడికి ఆ దూరమే మామూలనిపిస్తుంది, తన గైడును ‘ఇంకొంచెం ముందుకు’ అని అడుగుతాడు. బక్షీసు మీద ఆధారపడ్డ కుర్ర గైడుకు కాదనడం కష్టం. నడక సఫారీకి ఇవాళ ఉన్న పెద్ద ప్రమాదం ఈ ఒత్తిడేనని నేను నమ్ముతున్నాను. మానా పూల్స్‌లో గైడు లేని నడకకు స్వస్తి చెప్పాలి, కనీసం ఎంత దూరంలో ఆగాలో నియమం పెట్టి అమలు చేయాలి.

అడవి పక్కన ఊళ్లున్నాయి. అతిథి మూడు రోజులుండి వెళ్లిపోతాడు, ఊరివాడు ఏడాదంతా ఏనుగుతో కలిసి బతకాలి. మొక్కజొన్న కోతకొచ్చేవేళ రాత్రుళ్లు ఏనుగులు చేలో పడతాయి. మిరపకాయల పొగ పెట్టి, మిరపపొడి కలిపిన కంచెలు కట్టి తరుముతారు. 1991లో లువాంగ్వా లోయలోని మ్‌ఫూవే దగ్గర ఒకే సింహం ఆరుగురిని చంపింది. దాని చర్మం ఇప్పుడు షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. చనిపోయిన ఆ ఊరివాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. ఆకలైనవాడు జింక కోసం తీగ ఉచ్చు పెడితే, అందులో మచ్చల అడవికుక్క పడుతుంది, సింహం మెడ కోసుకుంటుంది, ఏనుగు తొండం తెగుతుంది. నల్ల ఖడ్గమృగాలు దొంగవేటకు పూర్తిగా పోయి, 1998లో జాంబియాలో అవి లేవని ప్రకటించాల్సొచ్చింది. 2003లో బయటి నుంచి తెచ్చి నార్త్ లువాంగ్వాలో తిరిగి వదిలారు.

ఊరివాడికి లాభం లేకుండా ఇది ఆగదని గ్రహించిన ప్రయత్నాల్లో కొమాకో అనే సంస్థది చెప్పుకోదగ్గది. 2003 నుంచి లువాంగ్వా లోయలో ఉచ్చులూ నాటుతుపాకులూ అప్పగించిన రైతుల దగ్గర వేరుశనగ, బియ్యం, తేనె మంచి ధరకు కొని, ‘ఇట్స్ వైల్డ్’ పేరుతో అమ్ముతోంది. నడక సఫారీ క్యాంపుల వల్ల కూడా స్కౌటు, గైడు, వంటవాడు, టీ మోసేవాడు జీతాలు చూస్తున్నారు. కాని 2020లో కరోనాకు విమానాలు ఆగిపోయినప్పుడు ఆ జీతాలు ఎంత సన్నని దారానికి వేలాడుతున్నాయో అందరికీ తెలిసొచ్చింది. 2024 ఫిబ్రవరిలో తీవ్ర కరువుతో జాంబియా జాతీయ విపత్తు ప్రకటించింది. నీరూ మేతా తగ్గితే జంతువూ మనిషీ ఒకే చోటికి చేరతారు.

భూమి ఎవరిదన్న ప్రశ్నకు మంచి జవాబు క్రూగర్ ఉత్తర కొసన దొరుకుతుంది. 1969లో మకులెకె ప్రజలను ఆ నేల మీద నుంచి బలవంతంగా ఖాళీ చేయించి పార్కులో కలిపారు. వర్ణవివక్ష పోయాక వాళ్లు దావా వేసి, 1998లో దాదాపు 24 వేల హెక్టార్లు తిరిగి సంపాదించారు. తిరిగొచ్చిన నేలను దున్నకుండా అడవిగానే ఉంచి, క్యాంపులకు కౌలుకిచ్చారు. నడక గైడ్లకు శిక్షణ ఇచ్చే క్యాంపు ఒకటి ఇవాళ వాళ్ల నేల మీదే నడుస్తోంది.

ఈ మకులెకె కథ చదువుతుంటే నల్లమల గుర్తుకు రాక మానదు. పులి జాడ చదవడంలో, తేనెపట్టు పసిగట్టడంలో చెంచులకు సాటి ఎవరూ లేరు; అటవీశాఖ కూడా వాళ్లనే రక్షణ వాచర్లుగా పెట్టుకుంది. అదే సమయంలో అడవి నడిమి (కోర్) ప్రాంతం నుంచి వాళ్ల పెంటలను (గూడేలను) బయటికి తరలించే మాటా సాగుతోంది. కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు దొంగచాటుగా అడవిని కొల్లగొట్టినవాళ్లే ఇవాళ గైడ్లై సందర్శకులను నడిపిస్తున్నారు. మధ్యప్రదేశ్‌లోని సాత్పురాలో నడక సఫారీ ఉంది. అమ్రాబాద్‌లోనో శ్రీశైలం వైపునో ఎప్పుడైనా అలాంటిది మొదలుపెడితే, చెంచులు కూలీలుగా కాక, లైసెన్సున్న గైడ్లుగా, నిర్ణయం తీసుకునేవాళ్లుగా ఉండాలి.

లువాంగ్వా క్యాంపుల్లో ఒక్క రాత్రికి వందల డాలర్లు. ఆరేడు మంచాల క్యాంపుకు ఇంకో దారి లేదంటారు, నిజమే. మంచాలు పెంచితే నడక గుంపూ పెరుగుతుంది, పెరిగిన గుంపు గుసగుసలాడలేదు. అయితే మ్‌ఫూవేలోనే పుట్టి పెరిగిన పిల్లకు ఆ నడక అందకపోవడం తప్పు. ఊరి బడిపిల్లలను పార్కు చూడటానికి తీసుకెళ్లే క్యాంపులు కొన్ని ఉన్నాయి. అది అన్ని క్యాంపుల అనుమతిపత్రాల్లో షరతు కావాలి.

ఇప్పుడు మన ఊళ్ల నుంచీ కెన్యా, టాంజానియా, జాంబియాలకు కుటుంబాలతో వెళ్లేవాళ్లు కనిపిస్తున్నారు. నడక కూడా చేద్దామనుకుంటే డబ్బు కట్టేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నడిపించే మనిషికి నడక లైసెన్సు ఉందా, బండి లైసెన్సు మాత్రమేనా? సాయుధ స్కౌటు వేరుగా ఉంటాడా? వరుసలో ఎందరుంటారు? అమ్మానాన్నలు త్వరగా నడవలేకపోతే వాళ్ల నడకకే అందరూ తగ్గుతారా, లేక వాళ్లకు విడిగా ఇంకో గైడును ఇస్తారా? మలేరియా మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి, దగ్గర్లో డాక్టరు ఎవరు, గాయమైతే విమానం దిగే నేల ఎంత దూరం? ఆఖరుగా ఇది కూడా అడగండి: పోయిన సీజన్లో మీ గైడ్లు నడకను మధ్యలో ఆపి వెనక్కి తీసుకొచ్చిన సందర్భాలున్నాయా? చాలాసార్లు అలా తెచ్చామని, అందుకు ఏ అతిథికీ డబ్బు తిరిగివ్వలేదని మొహమాటం లేకుండా చెప్పే క్యాంపునే ఎంచుకోండి.